రెండో చప్పుడు

కారు టైరుని మోటారుసైకిలు వెనక రిమ్ముకి ఎక్కించేటప్పుడు రెండు చప్పుళ్ళు వినబడాలి. అంచులకి సబ్బునీళ్ళు పూసి గాలి కొడుతూ పోతే, ఒకచోట టప్పుమని ఒక పక్క అంచు రిమ్ము గాడిలో కూర్చుంటుంది. ఇంకాస్త గాలి పోయాక రెండో పక్క. ఆ రెండోది వినేదాకా ఒళ్ళు దగ్గరపెట్టుకున్నవాడెవడూ గాలి గొట్టం వదలడు. బర్ల్ టీగ్ పదమూడేళ్ళలో తన షెడ్డులో రెండువందల పైచిలుకు టైర్లు ఎక్కించాడు. అన్నిటికీ రెండేసి చప్పుళ్ళు విన్నాడు. ఒక్కదానికి మాత్రం ఒకటే విన్నట్టు గుర్తు. ఆ టైరు డెంజిల్ ప్రూయిట్‌ది. డెంజిల్ పోయి రెండేళ్ళు దాటింది.

బర్ల్ ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సులు బాగుచేసి రిటైరయినవాడు. ఆర్కన్సా కొండల్లో, జాస్పర్ ఊరికి ఆరు మైళ్ళ అవతల, వాలు మీద అతని ఇల్లు. ఇంటి పక్కన ఇంటికన్నా పెద్ద షెడ్డు. భార్య ఎప్పుడో విడాకులిచ్చి టల్సా వెళ్ళిపోయింది. షెడ్డుతో సవతిపోరు పడలేక పోయిందని డెంజిల్ అంటుండేవాడు. ఆ మాట డెంజిల్ అంటే బర్ల్‌కి నవ్వొచ్చేది, ఇంకెవరన్నా అంటే కోపమొచ్చేది.

ఆ షెడ్డుకి మూడు రాష్ట్రాల నుంచి జనం రావడానికి కారణముంది. వీళ్ళవి ఊళ్ళో తిరిగే బళ్ళు కావు. నాలుగువందల కిలోలుంటాయి, వెనక భార్య, పక్కల రెండు పెట్టెలు, పైన ఇంకో పెట్టె, ఇంతా వేసుకుని కెనడా దాకా పోయొచ్చే బళ్ళు. మామూలు మోటారుసైకిలు టైరు పదివేల మైళ్ళకి అరిగిపోతుంది. వీళ్ళకది ఒక వేసవి. కారు టైరయితే ముప్ఫైవేలు వస్తుంది, వానలో పట్టు వదలదు, బ్రేకు వేస్తే నిలబడుతుంది. ఇన్ని సుఖాలున్న చోట ఒక కష్టముంది. మోటారుసైకిలు టైరు గుండ్రంగా ఉంటుంది కనక మలుపొస్తే బండి దానంతటదే వాలుతుంది. కారు టైరు బల్లపరుపుగా ఉంటుంది, వాలనంటుంది. మలుపు ఎటుంటే అటు చేతి హ్యాండిల్ని ముందుకి నెట్టాలి, నెట్టిన చెయ్యి తియ్యకుండా మలుపు అయిందాకా నెట్టే ఉంచాలి. తీస్తే బండి లేచి నిలబడి నేరుగా లోయలోకి దారి చూసుకుంటుంది.

అందుకని షాపులవాళ్ళు ఆ పని ముట్టుకోరు. రేపేదన్నా అయితే లాయర్లు మీదపడతారని భయం. బండివాళ్ళలోనే సగంమందికి అది పాపం కింద లెక్క. కారు టైరు వేసుకున్నవాణ్ణి 'చీకటివైపు వెళ్ళాడు' అంటారు. ఎగతాళికి పెట్టిన ఆ పేరుని వీళ్ళు బిరుదులా తగిలించుకున్నారు. ఇంటర్నెట్‌లో చీకటివాళ్ళ జాబితా ఒకటుంది, చేరినవాడికల్లా ఒక నంబరిస్తారు. డెంజిల్‌ది మూడువేల నూటఆరు. ఆ నంబరుని జాకెట్టు భుజమ్మీద కుట్టించుకుని, అదేదో యుద్ధంలో ఇచ్చిన పతకమైనట్టు వారం రోజులు అందరికీ భుజం చూపించాడు.

ఉన్నమాట చెప్పుకోవాలి, బర్ల్ నోరు మంచిది కాదు. శనివారం శనివారం జాస్పర్‌లో ఒక కాఫీ హోటల్లో ఏడెనిమిది మంది కూడేవారు. బన్నుల్లాంటి మెత్తటి బిస్కెట్ల మీద మిరియాల గ్రేవీ పోసుకుని తింటూ, పావుతక్కువ పదకొండు దాకా టైర్ల గురించీ గాలి ఎంత పెట్టాలన్న దాని గురించీ కొట్టుకునేవారు. అందులో రాయిస్ ఆపిల్‌గేట్ అనే ఆయన కారు టైరు నచ్చక మళ్ళీ గుండ్రటి టైరుకి మారాడు. ఆ శనివారం బర్ల్ చిన్నపిల్లల గదిలో రాత్రిపూట పెట్టే బెడ్‌లైటు ఒకటి, కుందేలు బొమ్మది, తాడు కట్టి తెచ్చి రాయిస్ మెళ్ళో వేశాడు.

"చీకటంటే భయమేసింది పాపం. ఇది పెట్టుకుని పడుకో నాయనా" అన్నాడు.

హోటలంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వినవాడు డెంజిల్. అప్పట్నుంచి అదొక ఆచారమై కూర్చుంది. వెనక్కి వెళ్ళినవాడి మెళ్ళో కుందేలు దీపం పడాల్సిందే, ఆ పూట బిల్లు వాడు కట్టాల్సిందే.

డెంజిల్‌కి టైరు ఎక్కించింది ఏప్రిల్ మొదట్లో, పొద్దున్న పదింటప్పుడు. కంప్రెసర్ కొట్టుకుంటోంది. డెంజిల్ తలకిందులైన బకెట్టు మీద కూర్చుని, కొత్త పాస్టరు ఏట్లో ఒక పిల్లాడికి బాప్తిస్మం ఇస్తుంటే ఆయన విగ్గు నీళ్ళలో కొట్టుకుపోవడం, ఉడతనుకుని ఎవరిదో కుక్క దాని మీదికి దూకడం, ఆ తడిసిన పిల్లాడు బాప్తిస్మం అయిందో లేదో తెలియక ఏట్లోనే నిలబడిపోవడం వర్ణించి వర్ణించి చెబుతున్నాడు. టప్పుమంది. అప్పుడే కుక్క విగ్గుని తెచ్చి పాస్టరు కాళ్ళ దగ్గర పెట్టింది. బర్ల్ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. నవ్వు ఆగేసరికి గొట్టం తీసేసి చేతిలో ఉంది.

రెండోది అయ్యే ఉంటుంది, కాకపోతే ఎందుకు తీస్తాను, అనుకున్నాడు. మామూలుగా అయితే రిమ్ము చుట్టూ వేలు తిప్పి, అంచు గీత అంతటా సమంగా ఉందా అని చూస్తాడు. ఆ రోజు చూశాడో లేదో గుర్తులేదు. రెండేళ్ళుగా గుర్తు తెచ్చుకుంటూనే ఉన్నాడు, వేలు రిమ్ము మీద సగం దాకా వెళ్ళి అక్కడ ఆగిపోతుంది.

తర్వాత రెండు నెలలు డెంజిల్‌కి మలుపులు నేర్పింది కూడా బర్లే. ముందు తను, వెనక డెంజిల్, హెల్మెట్లలో మైకులు.

"నెట్టు డెంజిల్. చెయ్యి తీశావేం?"

"తియ్యలేదయ్యా, ముక్కు దురదపెట్టింది."

"ముక్కు ఇంటికెళ్ళి గోక్కో. నెట్టు. ఇంకా నెట్టు. అదీ."

జూన్ రెండో శనివారం డెంజిల్ హోటలుకి రాలేదు. తొమ్మిదిన్నరకి షెరీఫ్ ఆఫీసు కుర్ర డెప్యూటీ వచ్చి, టోపీ తీసి, బల్ల చివర నిలబడ్డాడు. సైడర్ హాలో అనే లోయ దాటాక ఎడమ మలుపులో బండి పక్కకి పడి జారి, డెంజిల్ అక్కడికక్కడే పోయాడు. ఎదురుగా ఏ బండీ లేదు, వాన లేదు, రోడ్డు మీద జింక లేదు. బల్ల దగ్గర అందరూ ఒక్కసారి బర్ల్ వైపు చూసి, వెంటనే పళ్ళేల్లోకి చూసుకున్నారు.

ఆ తర్వాత మాటలు రావడానికి ఎంతసేపు. కారు టైరే మింగేసిందన్నారు. ఇంటర్నెట్ జాబితాలో మూడువేల నూటఆరు పక్కన సిలువ గుర్తు పెట్టారు. చీకటివైపు వెళ్ళాడు అన్న మాట ఊళ్ళో ఇంకెవరూ సరదాకి అనలేదు. కిరాణా కొట్లో బర్ల్ ఒక వరసలోకి వస్తే జనానికి పక్క వరసలో ఏదో కొనాలని గుర్తొచ్చేది. వాళ్ళని తప్పుపట్టడానికి అతనికి నోరు రాలేదు. బండి మీద పట్టా కప్పాడు, మళ్ళీ తియ్యలేదు. దూరం నుంచి టైర్లు పట్టుకొచ్చినవాళ్ళకి కంప్రెసర్ పాడయిందని చెప్పి పంపించేశాడు.

కాని చప్పుడు అతన్ని వదల్లేదు. చర్చివాళ్ళు ఇచ్చిన బెండకాయ ఊరగాయ సీసా మూత తీస్తే టప్పుమనేది. బర్ల్ చెంచా చేత్తో పట్టుకుని రెండోదాని కోసం నిలబడిపోయేవాడు. ఎండకి షెడ్డు రేకు టప్పుమనేది. ఊపిరి బిగబట్టేవాడు. బ్యాంకులో గుమాస్తా రబ్బరు ముద్ర ఒకటి కొట్టి ఆగితే, రెండోది కూడా కొట్టమ్మా అనాలనిపించేది. ప్రార్థనలో పాస్టరు పుస్తకం మూసిన చప్పుడుకి అందరూ ఆమెన్ అంటే, బర్ల్ ఒక్కడూ తలెత్తి గోడకేసి చూస్తుండేవాడు. ఎక్కడో ఆ రెండో చప్పుడు తనకి బాకీ ఉందనీ, అది వినబడితే డెంజిల్ తనవల్ల చావలేదని అర్థమనీ అతనికొక పిచ్చి నమ్మకం ఏర్పడింది. అది ఎప్పుడూ వినబడలేదు.

నిజం తెలుసుకోవడానికి మార్గం లేక కాదు. డెంజిల్ బండి వాళ్ళ కొట్టంలోనే ఉంది. పడ్డ రోజు లారీవాడు తెచ్చి దింపాడు, డెంజిల్ భార్య ఒనీటా పట్టా కప్పించింది, అంతే. ఆ బళ్ళకి వెనక చక్రం మడ్‌గార్డూ పక్కపెట్టెల మధ్య దాగి ఉంటుంది. మోకాళ్ళ మీద కూర్చుని తొంగిచూస్తే తప్ప టైరు కనబడదు. టైరు సరిగ్గా కూర్చోకపోతే రిమ్ము పక్కనున్న గీత ఒకచోట లోపలికి దిగిపోయి ఉంటుంది. నిమిషం పట్టదు చూడ్డానికి. ఆ నిమిషం కోసం నాలుగు మైళ్ళు వెళ్ళే ధైర్యం బర్ల్‌కి రెండేళ్ళుగా లేదు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఒనీటా ఫోను చేసింది.

"బర్ల్, డెంజిల్ బండి అమ్మేస్తున్నా. హారిసన్ నుంచి ఒకతను చూసి వెళ్ళాడు. ముందు భాగం ఆయనే బాగుచేయించుకుంటాట్ట. వెనక టైరు మాత్రం కొత్తది వేయించి ఇమ్మన్నాడు. ఏది వెయ్యాలో నువ్వే చెప్పాలి."

"నేనా పని మానేశాను ఒనీటా. హారిసన్‌లోనే బోలెడు షాపులున్నాయి."

"షాపులున్నాయని నాకూ తెలుసు. నేను ఫోను చేసింది నీకు."

"కంప్రెసర్ కూడా పాడయింది."

"రెండేళ్ళ నుంచీ పాడయ్యే ఉందట కదా. అబద్ధం కూడా సరిగ్గా చెప్పడం రాదు నీకు. రేపు రెండింటికి రా."

అతను వెళ్ళేసరికి ఒనీటా కొట్టం తలుపులు బార్లా తీసి పెట్టింది. అరవైనాలుగేళ్ళ మనిషి, బక్కపలచన, డెంజిల్ పాత గళ్ళచొక్కా వేసుకుని ఉంది. ఒకప్పుడు బర్ల్ కనబడితే, తిన్నావా అని అడిగి జవాబు వినకుండా పళ్ళెం పెట్టే మనిషి. ఇప్పుడు తలుపు దగ్గరే చేతులు కట్టుకుని నిలబడింది. పట్టా అప్పటికే తీసేసి ఉంది. చెట్ల మీంచి వచ్చే ఎండ బండి ఎడమపక్కన పడుతోంది. అటు కాళ్ళకి అడ్డుగా ఉండే ఇనప కమ్మీ సగానికి అరిగిపోయి, తారు రంగు పట్టి ఉంది.

"చూడు" అంది ఒనీటా.

"చూస్తా. పెట్టె విప్పాలి."

నాలుగు బోల్టులకి పావుగంట తీసుకున్నాడు. పక్కపెట్టె దింపాడు. ఇంక వంకలేమీ మిగల్లేదు. గీత వంకరగా ఉంటే ఆమెకి చెప్పాలి, చెప్పాక తను ఎలా బతకాలో తర్వాత చూసుకోవాలి. అలా అని నిర్ణయించుకుని మోకాళ్ళ మీద కూర్చుని, చూడలేక, కళ్ళు మూసుకుని చెయ్యి లోపలికి పెట్టాడు.

చేతికి తగిలింది గుండ్రంగా ఉంది.

కారు టైరు చదరంగా, గడపమీద చెయ్యి పెట్టినట్టు తగలాలి. ఇది గుమ్మడికాయలా అరిచేతిలో ఒదిగింది. కళ్ళు తెరిచి తలవంచి చూశాడు. మామూలు మోటారుసైకిలు టైరు. కొత్తది. మధ్యలో ఒక పట్టీ మాత్రం కాస్త నలిగింది. కుడి అంచున అచ్చులోంచి వచ్చిన రబ్బరు వెంట్రుకలు ఇంకా అలాగే ఉన్నాయి. ఎడమ అంచు మాత్రం, చివరిదాకా, ఒక్కసారే గీరుకుపోయి ఉంది.

"ఇది నా టైరు కాదు" అన్నాడు బర్ల్.

"కాదు."

"నేను వేసింది ఎక్కడుంది?"

"చక్రం పికప్పులో వేసుకెళ్ళి ఇస్తే స్ప్రింగ్‌ఫీల్డ్‌లో షాపువాళ్ళు తీసి చెత్తలో పడేశారు. జూన్ ఒకటిన. ఆయన నీకు పంటి డాక్టరు దగ్గరికని చెప్పాడు."

బర్ల్‌కి గుర్తొచ్చింది. ఆ వారమంతా డెంజిల్ దవడ పట్టుకుని తిరిగాడు. ఆ శనివారం హోటలుకి బండి లేకుండా పికప్పులో వచ్చి, మెత్తటివే తింటానని గ్రేవీ రెండుసార్లు పోయించుకున్నాడు కూడా.

"నేనే తీయించా" అంది ఒనీటా. "వెనక కూర్చుంటే నాకు భయమేసేది బర్ల్. రోడ్డు మీద గాడి ఉంటే బండి దాని వెంట అదే పోయేది, నడుం కింద ఎవరో లాగుతున్నట్టుండేది. తీసేదాకా నేను ఎక్కనన్నా. పోట్లాడా. నెల రోజులు మాట్లాడలేదు. సరే తీస్తాను కాని బర్ల్‌కి చెప్పకు, ఆ దిక్కుమాలిన కుందేలు నా మెళ్ళో వేస్తాడు అన్నాడు. హోటలు వెనకాల బండి పెడతా, ఎవరికీ కనబడదు, క్రిస్మస్ తర్వాత మెల్లిగా చెబుతా అన్నాడు."

బర్ల్ నేలమీదే కూర్చుండిపోయాడు. ముందు అతనికి తెలిసింది కోపం. రెండేళ్ళు. ఊరంతా తనని హంతకుణ్ణి చూసినట్టు చూస్తుంటే, సీసా మూతలకి ఉలిక్కిపడుతూ తను బతుకుతుంటే, ఈమెకి తెలుసు. ఒక్క మాట అంటే సరిపోయేది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పలేదు. జనం నీమీద వేస్తుంటే నోరు మూసుకుని కూర్చున్నా. నీమీద వేస్తున్నంతసేపూ నామీదికి రాదు కదా. దేవుడి ఎదుట చెబుతున్నా, సిగ్గుపడని రోజు లేదు. ఇవాళ పిలిచింది టైరు కోసం కాదు. ఒకటి అడగాలి."

ఆమె లోపలికొచ్చి, బండికి అటువైపు, గడ్డిమోపు మీద కూర్చుంది.

"ఆయన కంప్యూటర్లో మీవాళ్ళ కబుర్లు ఇంకా వస్తూనే ఉంటాయి. ఆపడం నాకు తెలీదు. మొన్న చలికాలంలో ఒకతను రాశాడు. కారు టైరుకి అలవాటుపడ్డ చెయ్యి మళ్ళీ గుండ్రటిదానికి వస్తే మొదట్లో చాలా జాగ్రత్తగా ఉండాలట. అదే బలంతో నెడితే బండి పడిపోతుందట. కొత్త టైరు అంచులు జారతాయట కూడా. నిజమేనా?"

జవాబు బర్ల్ కళ్ళముందే ఉంది. మధ్యలో నలిగిన పట్టీ అంటే, ఆ కొద్దిరోజులూ డెంజిల్ చర్చికీ కొట్టుకీ తిన్నగా వెళ్ళొచ్చాడు తప్ప కొండల్లోకి పోలేదు. ఆ శనివారమే మొదటిసారి. సైడర్ హాలో మలుపొచ్చింది. డెంజిల్ చెయ్యి తనకి నేర్పిన పని తను చేసింది. నెట్టింది, నెట్టిన చెయ్యి తియ్యలేదు. అంత నెట్టు అక్కర్లేని టైరు ఒక్కసారిగా ఒరిగిపోయింది. నెట్టు డెంజిల్, ఇంకా నెట్టు, అన్న గొంతు ఎవరిదో బర్ల్‌కి తెలుసు. ఒక్కమాట చెప్పి ఉంటే, ఈరోజు గుండ్రటిది వేసుకున్నా అని ఒక్కమాట, తను కుందేలు దీపం మెళ్ళో వేసి, ఆ తర్వాత పక్కకి తీసుకెళ్ళి, వారం రోజులు చెయ్యి తేలిగ్గా పెట్టమని చెప్పి ఉండేవాడు. ఆ కుందేలు దీపం వల్లే అతను చెప్పలేదు.

"బర్ల్, నన్ను చూసి చెప్పు. నేను దాన్ని తీయించకుండా ఉంటే, నీ టైరు నీ టైరులాగే ఉంటే, ఆయన ఆ రోజు ఇంటికొచ్చేవాడా?"

వచ్చేవాడు. బర్ల్‌కి అందులో రవ్వంత అనుమానం లేదు. ఆ మలుపు ఆ టైరు మీద ఇద్దరూ కలిసి ముప్ఫైసార్లు తిరిగారు. రెండో చప్పుడు అయిందో లేదోనని తను ఇన్నాళ్ళూ చచ్చిన చావంతా వట్టిదే. రెండునెలలు, రెండువేల మైళ్ళు నిలబడిన టైరు సరిగ్గానే కూర్చుని ఉంటుంది. ఈ మాట రేపు శనివారం హోటల్లో అంటే చాలు. కారు టైరు కాదట, ఆమే మార్పించిందట. కిరాణా కొట్లో జనం మళ్ళీ తన వరసలోకి వస్తారు. ఈమె వరసలోంచి వెళ్ళిపోతారు.

ఒనీటా గడ్డిమోపు మీద రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని, డాక్టరు కాగితం చదవబోతుంటే కూర్చునే మనిషిలా కూర్చుంది. గళ్ళచొక్కా చేతులు ఆమెకి పొడవై, వేళ్ళు కూడా కనబడటం లేదు. బర్ల్‌కి ఆమె మీద కోపం ఎప్పుడు పోయిందో తెలియలేదు. ఆమె రెండేళ్ళుగా ఉన్న చోటు తనకి బాగా తెలిసిన చోటే. అందులో ఇద్దరు అక్కర్లేదనిపించింది.

"రాడు" అన్నాడు.

"ఏంటి?"

"వచ్చేవాడు కాదు. నేను దాన్ని సరిగ్గా ఎక్కించలేదు ఒనీటా. రెండు చప్పుళ్ళు వినాలి, ఒకటే విన్నా. ఒక పక్క అంచు గాడిలో కూర్చోలేదు. అలాంటిది ఎప్పుడో ఒకప్పుడు మలుపులో రిమ్ము వదిలేసి బయటికొచ్చేస్తుంది. ఆ వారం కాకపోతే పై వారం. నువ్వు వెనకున్నప్పుడే ఊడి ఉండేది కూడా. నడుం కింద లాగుతున్నట్టుందన్నావే, అదే."

అదే కాదు. కారు టైరున్న బండి ప్రతిదీ గాడి వెంట అలాగే లాగుతుంది. కాని అబద్ధం సరిగ్గా చెప్పడం ఈసారి వచ్చింది.

"మరి ఈ కొత్త టైరు?"

"దీనికేం, బంగారంలాంటి టైరు. ఆ మలుపులో ఇసకో ఆకులో ఏవో ఉండుంటాయి. అది ఎవడికైనా అవుతుంది. ఆ కంప్యూటర్లో రాసేవాడికి బండే ఉండదు సగంసార్లు."

బయట కోళ్ళు ఆకుల్లో గీరుకుంటున్న చప్పుడు వినబడింది. ఒనీటా మొహం నెమ్మదిగా మారింది. మొదట భుజాలు కిందికి దిగాయి. తర్వాత కళ్ళెత్తి బర్ల్‌ని చూసింది. రెండేళ్ళలో అతని కళ్ళలోకి సూటిగా చూడటం అదే మొదటిసారి.

"ఒకటే చప్పుడని నీకు ఆ రోజే తెలుసా?"

ఇది అతను ఊహించని ప్రశ్న. తెలియదంటే అబద్ధం నిలబడదు, మళ్ళీ అంతా ఆమె వైపే జరుగుతుంది.

"అనుమానమొచ్చింది."

"వచ్చి?"

"అప్పుడతను ఆ విగ్గు కథ చెబుతున్నాడు. నవ్వుకుంటున్నాం. మళ్ళీ చూద్దాంలే అనుకున్నా."

"మళ్ళీ చూశావా?"

"లేదు."

ఒనీటా లేచి నిలబడింది. బండి చుట్టూ తిరిగి వచ్చి అతనికి ఎదురుగా ఆగింది. కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"నీ ఇంటికి ఎన్నిసార్లు కేకు చేసి పంపించాను బర్ల్. నీ ఆపరేషనప్పుడు పదిరోజులు మా వెనకగదిలో పడుకోబెట్టాను. ఆయన్ని తోబుట్టువులా చూస్తున్నావనుకున్నా. నవ్వుకుంటూ చంపబోయావన్నమాట."

బర్ల్ తలవంచుకున్నాడు. రెండేళ్ళుగా ఏ మాట వినాల్సొస్తుందోనని ఆ ఇంటి దారి తొక్కలేదో ఆ మాట ఇవాళ తనే అడిగి తెచ్చుకున్నాడు. అది నిజం కాదని తెలిసీ అంత నొప్పి పెడుతుందని అతను అనుకోలేదు.

"పెట్టె బిగించి వెళ్తా" అన్నాడు.

"వద్దు. నువ్వు ముట్టుకోకు. హారిసన్ వాళ్ళని పిలుస్తా. వెళ్ళు. మళ్ళీ ఈ గుమ్మంలోకి రాకు."

అతను పనిముట్లు సంచిలో వేసుకున్నాడు. ఒక పానా బండికి అటుపక్క గడ్డిలో పడింది, దాన్ని వెతకలేదు. కొట్టం బయటికొచ్చి నాలుగడుగులు వేశాక వెనకనుంచి ఆమె గొంతు వినబడింది. తనతో కాదు.

"జూన్ ఒకటి నుంచి" అంటోంది. "పదకొండు రోజులు. అయితే ఆ పదకొండు రోజులూ దాన్ని తీయించి నేనిచ్చినవే."

బర్ల్ ఆగాడు. ఒనీటా గళ్ళచొక్కా చేతులు పైకి మడిచి, వేళ్ళు మడుస్తూ, కొట్టం మధ్యలో నిలబడి ఉంది.

"మంగళవారం స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్ళొచ్చాం. బుధవారం గడ్డి కోశాం, సాయంత్రం బఫెలో ఏటికి పోయి చేపలు పట్టాం, ఒక్కటీ పడలేదు. గురువారం వానొచ్చింది, ఇంట్లోనే ఉన్నాం, వంటింటి తలుపు రంగేశాడు. శుక్రవారం..."

శుక్రవారం దగ్గర ఆమెకి ఏదో తట్టక ఆగింది. మళ్ళీ మంగళవారం నుంచి మొదలుపెట్టింది. ఈసారి శుక్రవారం దొరికింది, స్ట్రాబెర్రీలు కోశారు, వాటితో చేసిన పై అనే తీపిరొట్టె అంతా ఆయనే తిన్నాడు. ఆమె ఏడుస్తూనే, చిన్నగా నవ్వుతూ, తర్వాతి వేలు మడిచింది. బర్ల్ పికప్పు ఎక్కి, ఆమె పదకొండో రోజుకి చేరకముందే అక్కణ్ణుంచి వెళ్ళిపోయాడు.